జాబ్‌వర్క్ యూనిట్ల కోసం తయారు చేసిన క్లౌడ్ సాఫ్ట్‌వేర్ వ్యాపారంగా నిలుస్తుందో లేదో ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: కూకట్‌పల్లి కోడర్

అందరికీ నమస్కారం. నేనూ, నా ఇద్దరు మిత్రులూ కలిసి చిన్న ఇంజనీరింగ్ యూనిట్ల కోసం ఒక క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తయారు చేశాము. హైదరాబాదులోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో పెద్ద కంపెనీల నుంచి ముడిసరుకు తీసుకొని, లేత్‌ల మీద, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) యంత్రాల మీద పని పూర్తిచేసి తిరిగి పంపే జాబ్‌వర్క్ యూనిట్లను దృష్టిలో పెట్టుకొని దీన్ని రూపొందించాము. ఏ చలానా (సరుకుతో వచ్చే చీటీ) మీద ఎన్ని పీసులు వచ్చాయి, వాటిలో ఎన్ని పూర్తయ్యాయి, ఎన్ని రిజెక్ట్ అయ్యాయి, తుక్కు ఎంత మిగిలింది, ఎన్నింటికి బిల్లు వేశారు, ఆ బిల్లుల మీద ఎంత సొమ్ము ఇంకా రావలసి ఉంది అనే వివరాలన్నీ ఫోనులోనే నమోదు చేసుకోవచ్చు, ఫోనులోనే చూసుకోవచ్చు.

ప్రస్తుతం కొన్ని యూనిట్లు దీన్ని ఉచితంగా వాడుతున్నాయి, బాగుందని కూడా చెబుతున్నాయి. ఆ మాట చాలునని, ఉద్యోగాలు వదిలి పూర్తికాలం ఇందులో దిగుదామని నా మిత్రులు అంటున్నారు. నాకు మాత్రం ఉచితంగా వాడేవారి ప్రశంసను ఆధారం చేసుకొని మూడు కుటుంబాల పొదుపు సొమ్ము పెట్టడం సబబుగా తోచడం లేదు. నెలకు 1,000 రూపాయల చొప్పున, ఏడాదికి ఒకేసారి 12,000 తీసుకోవాలని అనుకుంటున్నాము. ఇది వ్యాపారంగా నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి ఏ లెక్కలు చూడాలో, ఏ ప్రశ్నలు అడగాలో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1: చందా లెక్కలు

మీ సందేహం సరైనదే. చిన్న కంపెనీలకు అమ్మే సాఫ్ట్‌వేర్ విషయంలో మొదటి ఏడాది ఎంతమంది చేరారన్న అంకె కంటే, రెండో ఏడాది డబ్బు కట్టి ఎంతమంది కొనసాగారన్న అంకెకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ఎందుకో చూపించడానికి ఒక ఊహాలెక్క వేస్తాను. ఇందులోని ఖర్చులు నేను ఉదాహరణకు తీసుకున్నవి కనుక వాటి స్థానంలో మీ అసలు ఖర్చులు పెట్టుకోండి.

ఒక యూనిట్ ఏడాదికి 12,000 కడుతుందనుకుందాం. సర్వర్లు, ఎస్సెమ్మెస్‌లు, చెల్లింపుల రుసుములకు 1,500, ఫోనులో సహాయం చేయడానికి, అవసరమైతే యూనిట్‌కు వెళ్లి నేర్పడానికి 3,500 పోతే, 7,000 మిగులుతుంది. ఒక్కొక్క యూనిట్‌ను చేర్చుకోవడానికి, అంటే పలుమార్లు వెళ్లి కలవడానికి, చూపించడానికి, పాత రిజిస్టర్లలోని నిల్వలను ఎక్కించడానికి 9,000 ఖర్చవుతుందనుకుందాం. మొదటి ఏడాది ఆ యూనిట్ మీద మీకు 2,000 నష్టమే. రెండో ఏడాది కట్టినప్పుడే అది లాభంలోకి వస్తుంది.

ఇప్పుడు మీ ముగ్గురికీ నెలకు 40,000 చొప్పున జీతం కావాలంటే ఏడాదికి 14,40,000 కావాలి. దాన్ని 7,000తో భాగిస్తే 206 యూనిట్లు చాలుననిపిస్తుంది. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. అయితే ఏడాదికి నూటికి 30 మంది మానేస్తే, ఆ సంఖ్య తగ్గకుండా ఉండడానికి అంతమందిని మళ్లీ కొత్తగా చేర్చుకోవాలి, ఒక్కొక్కరికీ మళ్లీ 9,000 పెట్టాలి. ఆ ఖర్చును కూడా కలిపితే ఒక్కొక్క యూనిట్ నుంచి నికరంగా మిగిలేది 4,300 మాత్రమే, కావలసిన యూనిట్లు 335. అదే ఏడాదికి నూటికి 15 మందే మానేస్తే 255 యూనిట్లు చాలు. ధర పెంచకుండా, కొత్త సదుపాయం ఒక్కటీ చేర్చకుండా, మానేసేవారిని సగానికి తగ్గించినందువల్ల 80 యూనిట్ల భారం తగ్గింది. మీరు దిగబోయే వ్యాపారం బతకడానికి ఆధారం ఈ తేడాయే.

కనుక ఉద్యోగాలు వదలడానికి ముందే ఇప్పుడు ఉచితంగా వాడుతున్న యూనిట్లను డబ్బు కట్టమని అడగండి. తక్కువ మొత్తమైనా ఫరవాలేదు గాని, తప్పక అడగండి. బాగుందన్నవారిలో కొందరు ఆ రోజు నుంచి ఫోను ఎత్తకపోవచ్చు. అది మీకు బాధ కలిగించినా, పెట్టుబడి పెట్టకముందే తెలిసిన సమాచారం అవుతుంది. డబ్బు కట్టినవారి దగ్గర మరొక సంగతి గమనించండి. వాళ్లు వచ్చిన సరుకును చేతితో రాసే ఇన్‌వర్డ్ రిజిస్టర్‌ను మానేశారా, లేక రిజిస్టరూ రాస్తూ మీ సాఫ్ట్‌వేర్‌లోనూ నింపుతున్నారా? రెండూ చేస్తున్నవారు పని ఒత్తిడి పెరిగిన నెలలో వదిలేసేది మీ సాఫ్ట్‌వేర్‌నే. మీరు గుర్తు చేయకుండా రోజూ నమోదు జరుగుతున్నదా, నెలాఖరు బిల్లులు అందులోనుంచే వస్తున్నాయా అన్న విషయాలను మీ సర్వర్‌లోని వివరాలే చెబుతాయి, ఎవరినీ అడగనక్కర లేదు.

పోటీ గురించి ఒక్క మాట. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో జాబ్‌వర్క్ నమోదుకు ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఈఆర్‌పీ‌నెక్స్ట్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ సబ్‌కాంట్రాక్టింగ్ విభాగం ఉంది. అయినా యూనిట్లు రిజిస్టర్లు, వాట్సాప్ ఫొటోలతోనే నెట్టుకొస్తున్నాయంటే, సదుపాయం లేకపోవడం అసలు కారణం కాదన్నమాట. ఆ కారణమేమిటో మీరు యూనిట్లలో కూర్చొని తెలుసుకోవాలి.

ధర విషయంలో మీకు తెలియకుండానే ఒక మంచి నిర్ణయం తీసుకున్నారు. 12,000 మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 14,160 అవుతుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు మీద గాని, యూపీఐ ఆటోపే మీద గాని ప్రతిసారీ ఓటీపీ అడగకుండా వసూలు చేసుకోగల సాధారణ పరిమితి 15,000 కనుక మీ వార్షిక చందా ఆ పరిమితిలోపే ఉంది. 13,000 పెట్టి ఉంటే పన్నుతో 15,340 అయ్యేది. అప్పుడు ప్రతి రెన్యువల్‌కూ యజమాని మళ్లీ ఫోను తీసి అనుమతి ఇవ్వాల్సి వచ్చేది.

సమాధానం 2: లేత్ యజమాని, బాలానగర్

పైన చెప్పిన లెక్క అమ్మేవారి వైపు నుంచి బాగుంది. కొనేవాడిగా నేను చూసే సంగతులు వేరు, అవి కూడా మీకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

మీ సాఫ్ట్‌వేర్‌ను కొనాలా వద్దా అని నిర్ణయించేది నేనే అయినా, అది నడుస్తుందా లేదా అన్నది మా గుమాస్తా చేతిలోనూ, రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్ చేతిలోనూ ఉంటుంది. మెటీరియల్ ఆటోలో దిగేటప్పుడు చలానా చూసి పీసులు లెక్కపెట్టే మనిషి అక్కడికక్కడే ఫోనులో నమోదు చేయగలగాలి. మా షెడ్డు లోపల సిగ్నల్ సరిగా అందదు. నెట్ లేకపోయినా నమోదు తీసుకొని, సిగ్నల్ దొరికినప్పుడు తనంతట తానే పంపుకొనే ఏర్పాటు లేకపోతే మొదటి వారంలోనే పుస్తకానికి తిరిగి వెళ్తాము. యంత్రాల మీద పనిచేసే కుర్రవాళ్లలో బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. వాళ్లకు తెలుగు తెర ఒక్కటే సరిపోదు, హిందీలోనూ ఉండాలి.

ఇంకొక ముఖ్యమైన విషయం డ్రాయింగులు. రక్షణ, అంతరిక్ష రంగాల పనులు చేసే యూనిట్లు గోప్యత ఒప్పందాల మీద సంతకాలు చేసి ఉంటాయి. కస్టమర్ డ్రాయింగ్‌ను బయటివారి సర్వర్‌లో పెట్టామని తెలిస్తే ఆర్డర్లే పోతాయి. డ్రాయింగ్ నంబరూ, దాని రివిజన్ నంబరూ నమోదు చేస్తే చాలు, ఫైలు ఎక్కించే మీట మీ సాఫ్ట్‌వేర్‌లో ఉండనే కూడదు. అది ఉందని చూసి వెనక్కి తగ్గే యజమానులు ఉంటారు.

నేను దేనికి డబ్బు కడతానో కూడా చెబుతాను. కస్టమర్ మాకు 500 పీసుల మెటీరియల్ ఇచ్చామంటాడు, మేము 480 పంపామని, 12 రిజెక్ట్ అయ్యాయని, 8 పీసులకు మెటీరియలే రాలేదని అంటాము. ఆరు నెలల తరవాత ఆ 8 పీసుల సొమ్ము మా బిల్లులో కోసుకుంటున్నామంటూ డెబిట్ నోట్ వస్తుంది. అప్పుడు సంతకం పెట్టిన చలానా ఫొటో, తేదీ, అందుకున్న మనిషి పేరు వెంటనే చూపగలిగితే ఆ సొమ్ము మిగులుతుంది. ఖరీదైన మెటీరియల్ అయితే ఒక్క డెబిట్ నోట్ విలువ మీ ఏడాది చందాను దాటుతుంది. మీరు మాకు చూపించేటప్పుడు రంగురంగుల డాష్‌బోర్డుతో మొదలుపెట్టకుండా ఈ ఒక్క తగాదా ఎలా తీరుతుందో చూపించండి.

చివరగా, నేను మిమ్మల్ని కూడా అంచనా వేస్తాను. మూడేళ్ల తరవాత మీరు ఉంటారా? లేకపోతే మా చలానాల వివరాలు ఏమవుతాయి? ఎప్పుడు కావాలంటే అప్పుడు మొత్తం వివరాలను ఎక్సెల్‌లో దింపుకొనే వీలు మొదటి రోజు నుంచే ఉండాలి, చందా ఆగిపోయినా కొంతకాలం చదువుకోవడానికైనా తెరిచి ఉంచుతామని ఒప్పందంలో రాసి ఇవ్వాలి.

సమాధానం 3: పన్నుల సలహాదారు

నేను చిన్న యూనిట్లకు జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తుంటాను. చట్టాన్ని చూపించి అమ్మాలనే ఆలోచన మీకు ఉంటే, ఏ బాధ్యత ఎవరి మీద ఉందో ముందు స్పష్టంగా తెలుసుకోవాలి.

జీఎస్టీ చట్టంలోని 143వ సెక్షన్ ప్రకారం జాబ్‌వర్క్‌కు పంపిన ముడిసరుకు ఏడాదిలోగా, యంత్రసామగ్రి మూడేళ్లలోగా తిరిగి రావాలి లేదా జాబ్‌వర్కర్ స్థలం నుంచే నిబంధనల ప్రకారం సరఫరా కావాలి. అలా జరగకపోతే, పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను కట్టవలసి వస్తుంది. అచ్చులు, డైలు, జిగ్గులు, ఫిక్స్చర్లకు ఈ గడువు వర్తించదు. పంపిన, తిరిగి వచ్చిన సరుకు వివరాలతో ఐటీసీ-04 అనే ఫారం దాఖలు చేయాలి. ఈ బాధ్యతలన్నీ సరుకు పంపిన పెద్ద కంపెనీవి. మీరు చందా అడుగుతున్న చిన్న యూనిట్‌వి కావు. కాబట్టి చట్టం వల్ల కలిగే అవసరం ఒకరిదైతే, మీరు డబ్బు అడుగుతున్నది మరొకరిని. మీ వ్యాపార ప్రణాళికలో నాకు కనిపిస్తున్న ప్రధాన లోపం ఇదే.

ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) గురించి కూడా అతిగా ఆశ పెట్టుకోవద్దు. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవర్ దాటినవారితో మొదలై, అంచెలంచెలుగా తగ్గి 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవారందరికీ వర్తిస్తున్నది. మీరు చెప్పిన యూనిట్లలో ఎక్కువ భాగం ఆ పరిమితికి లోపే ఉంటాయి. అలాగే లెక్కల్లో చేసిన ప్రతి మార్పు నమోదు కావాలన్న ఆడిట్ ట్రెయిల్ నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నా, అది కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలకే. సొంత యాజమాన్య, భాగస్వామ్య సంస్థలను దాని పేరు చెప్పి భయపెట్టి అమ్మడం న్యాయం కాదు. అయితే ప్రైవేట్ లిమిటెడ్ యూనిట్ ఒక్కటైనా మీ సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు వేస్తే, ఆ నమోదును ఆపివేయలేని ఏర్పాటు, భారతదేశంలోని సర్వర్లలో రోజూ బ్యాకప్ మీరు చూపించవలసి ఉంటుంది. ముంబయిలోనూ, 2022 నుంచి హైదరాబాదులోనూ అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు ఉన్నాయి కనుక ఇది కష్టమైన పని కాదు.

మా వృత్తిలో ఉన్నవారు మీకు అనుకూలంగా ఉంటారా లేదా అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. యజమాని కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ముందు తన ఆడిటర్‌ను గాని, పన్నుల సలహాదారును గాని ఒక మాట అడుగుతారు. మీ బిల్లులు టాలీలోకి నేరుగా వెళ్లకపోతే మేము ప్రతి బిల్లునూ మళ్లీ ఎక్కించవలసి వస్తుంది, అప్పుడు మా సలహా ఎలా ఉంటుందో ఊహించవచ్చు. నెలవారీ దాఖలు చేసేవారికి 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బీ (పన్ను చెల్లించే రిటర్ను) గడువులు ఉంటాయి. మూడు నెలలకొకసారి దాఖలు చేసే చిన్నవారికి మన రెండు రాష్ట్రాల్లోనూ అవి 13, 22 తేదీలు. ఆ తేదీలకు ముందు రోజుల్లోనే మీకు సహాయం కోసం ఫోన్లు ఎక్కువగా వస్తాయి. 3,500 సహాయ ఖర్చు అని పైన వేసిన అంచనాను ఆ రోజుల ఒత్తిడిని బట్టి సరిచూసుకోండి.

ప్రశ్న వేసినవారు: కూకట్‌పల్లి కోడర్

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పన్నుల సలహాదారు గారు చెప్పిన అంశం మేము ఇంతవరకు ఆలోచించనే లేదు. అలాగైతే, సరుకు పంపే పెద్ద కంపెనీకే సాఫ్ట్‌వేర్ అమ్మి, వారి జాబ్‌వర్కర్లందరికీ ఉచితంగా ఇవ్వడం మేలా? ఒక్క కంపెనీ ద్వారా పదుల సంఖ్యలో యూనిట్లు చేరతాయి కదా.

సమాధానం 4: చందా లెక్కలు

మేలయ్యే అవకాశం ఉంది గాని, అప్పుడు లెక్క మొత్తం మారిపోతుంది. యూనిట్‌కు 9,000 చేర్పు ఖర్చు బాగా తగ్గుతుంది. దానికి బదులు పెద్ద కంపెనీ కొనుగోలు విభాగం, ఐటీ విభాగం, ఆర్థిక విభాగం మూడూ ఒప్పుకొనేదాకా నెలల తరబడి తిరగవలసి ఉంటుంది. భద్రత గురించి పెద్ద ప్రశ్నావళి పంపుతారు. ఒప్పుకున్నాక కూడా డబ్బు వెంటనే రాదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు మించకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతున్నది, ఆలస్యం చేస్తే కొనుగోలుదారు ఆ ఖర్చును చెల్లించిన ఏడాది లెక్కలోనే తగ్గించుకోగలిగేటట్టు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 43బీ సెక్షన్‌లో మార్పు కూడా వచ్చింది. కనుక మీ సంస్థకు ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థగా ప్రభుత్వ గుర్తింపు) మొదటి రోజే చేయించుకోండి. అయినా మూడు నెలల జీతాలు చేతిలో లేకుండా ఈ దారిలో దిగవద్దు.

మరొక జాగ్రత్త: అటువంటప్పుడు 40 యూనిట్లు వాడుతున్నా మీ కస్టమర్ ఒక్కరే. ఆ ఒక్కరు మానుకుంటే నలభై యూనిట్లూ ఒకే రోజు పోతాయి. మీ అంచనా పట్టికలో యూనిట్ల సంఖ్య వేయకండి, డబ్బు కట్టే కంపెనీల సంఖ్య మాత్రమే వేయండి. మూడు నాలుగేళ్ల చందా ఒకేసారి ఇస్తామన్నా తొందరపడి తీసుకోవద్దు. సేవలకు ముందుగా అందిన సొమ్ము మీద జీఎస్టీ అందినప్పుడే కట్టాలి, మిగిలిన సొమ్ముకు ఆ ఏళ్లన్నీ మీరు సేవ బాకీ ఉంటారు.

సమాధానం 5: లేత్ యజమాని, బాలానగర్

ఉచితమన్నా నేను ఒక షరతు మీదనే వాడతాను. నా దగ్గర ఎన్ని యంత్రాలు ఖాళీగా ఉన్నాయో, వేరే కస్టమర్లకు ఏ రేటుకు చేస్తున్నానో ఆ పెద్ద కంపెనీకి కనిపించకూడదు. యంత్రాలు ఖాళీగా ఉన్నాయని తెలిస్తే మరుసటి బేరంలో రేటు తగ్గించమంటారు. వాళ్ల చలానాలకు సంబంధించిన పీసుల లెక్క మాత్రమే వాళ్లకు కనిపించాలి. ఇప్పటికే ఒక్కొక్క పెద్ద కస్టమర్‌కు ఒక్కొక్క వెండర్ పోర్టల్ ఉంది, మా గుమాస్తా అన్నింటిలోనూ అదే వివరాన్ని విడివిడిగా నింపుతున్నాడు. మీది కూడా అటువంటి మరొక పోర్టల్ అయితే మాకు పని పెరుగుతుందే తప్ప తగ్గదు. ఒకసారి నింపితే కస్టమర్లందరికీ వారి వారి భాగం వెళ్లేటట్టు చేయగలిగితే, ఉచితంగా కాదు, నా వంతు డబ్బు కట్టి వాడతాను.

సమాధానం 6: పన్నుల సలహాదారు

ఆ షరతు సమంజసమైనదే. చట్టానికి కావలసినది కూడా చలానా వారీ లెక్క మాత్రమే కనుక దానికి మించి చూపించవలసిన అవసరం లేదు.

ఈ దారి నడుస్తుందో లేదో తక్కువ ఖర్చుతో తెలుసుకోవడానికి క్యాలెండర్‌ను వాడుకోండి. 5 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు ఐటీసీ-04ను ఆరు నెలలకొకసారి, అక్టోబర్ 25, ఏప్రిల్ 25 లోగా దాఖలు చేయాలి. అంతకు లోపువారికి ఏడాదికి ఒక్కసారి, ఏప్రిల్ 25. బాలానగర్ యజమాని గారి వంటివారు ఒకరిద్దరు తమ కస్టమర్ కంపెనీల ఆర్థిక విభాగాన్ని పరిచయం చేస్తే, ఆగస్టులోనే వెళ్లి, ఒక్క కంపెనీకి, దాని జాబ్‌వర్కర్లలో అయిదారుగురికి మాత్రమే పరిమితమై సెప్టెంబరు నెల లెక్కను మీ సాఫ్ట్‌వేర్‌లో నడిపించండి. దానికి రుసుము ఇంత అని ముందే చెప్పి, లిఖితపూర్వకంగా ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. అక్టోబర్ గడువుకు ఆ కంపెనీ తన ఫారంలో ఆ యూనిట్ల సెప్టెంబరు వివరాలను మీ లెక్కతోనే నింపిందా, లేక పాత ఎక్సెల్ పట్టికతోనే నింపి మీ లెక్కను పక్కన పెట్టిందా అన్నది నవంబరు మొదటి వారానికల్లా తెలుస్తుంది. అంతవరకు ఉద్యోగాల్లోనే కొనసాగవచ్చు. అయిదారు యూనిట్ల పని సాయంత్రాల్లో, ఆదివారాల్లో ముగ్గురు చూసుకోగలిగినదే.